చివరి తీర్పు కోర్టుది, చివరి అర్థం బీజింగ్‌ది: హాంకాంగ్ అత్యున్నత కోర్టులో ఏం జరుగుతోంది?

"హాంకాంగ్ కోర్టు నుంచి మరో విదేశీ జడ్జి ఔట్" అనే వార్త 2020 నుంచి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వస్తూనే ఉంది. చదివిన ప్రతిసారీ ఒకటే అనుమానం. చైనా జెండా ఎగురుతున్న ఊళ్ళో లండన్ జడ్జికి, సిడ్నీ జడ్జికి ఏం పని? సరే, ఉన్నారనుకుందాం, ఒకరిద్దరు వెళ్ళిపోతే అంత గోల దేనికి? రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు మొదటిది తేల్చాలి. అది తేల్చాలంటే ఆ కోర్టు పేరులో ఉన్న "ఫైనల్" అనే మాట దగ్గర కాసేపు ఆగాలి.

క్లుప్తంగా

హాంకాంగ్‌లో అన్నిటికన్నా పై కోర్టు కోర్ట్ ఆఫ్ ఫైనల్ అప్పీల్. 1997 జులై 1న మొదలైంది. ఐదుగురు కూర్చుని విచారిస్తారు, అందులో ఒకరు బయటి దేశం జడ్జి కావచ్చు. కేసులో ఎవరు గెలిచారో చెప్పే ఆఖరి అధికారం ఈ కోర్టుదే. అయితే హాంకాంగ్‌కు రాజ్యాంగం లాంటి బేసిక్ లాలో ఏ వాక్యానికి ఏ అర్థమో చెప్పే ఆఖరి అధికారం బీజింగ్‌లోని నేషనల్ పీపుల్స్ కాంగ్రెస్ (చైనా పార్లమెంటు) స్టాండింగ్ కమిటీది. గొడవలన్నీ ఈ రెండిటి మధ్య పుట్టినవే. విదేశీ జడ్జీల రాజీనామాలు బయటికి కనిపించే లక్షణం, అసలు విషయం అది కాదు.

లండన్ దాకా వెళ్ళాల్సిన రోజుల నుంచి

1997 దాకా హాంకాంగ్ బ్రిటన్ పాలనలో ఉండేది, అక్కడి కేసులకు ఆఖరి మెట్టు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్. ఈ పేరు మనకూ కొత్త కాదు. 1937 మార్చిలో పూరీ స్టేషన్‌లో ఒక రైలు పెట్టెలో ఇనుప ట్రంకు దొరికింది, లోపల ముక్కలుగా నరికిన శవం. చనిపోయింది పిఠాపురం దివాను దగ్గర పనిచేసిన బంట్రోతు. అప్పు డబ్బు తెచ్చుకోవడానికి బరంపురం వెళ్తున్నానని భార్యకు చెప్పి ఇల్లు దాటాడు. ఆ ఒక్క మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చా లేదా అన్నది చివరికి తేల్చింది 1939లో లండన్‌లో కూర్చున్న పెద్దలు. తీసుకోవచ్చన్నారు. పాకల నారాయణస్వామి కేసుగా లా కాలేజీల్లో ఇప్పటికీ చెబుతున్న పాఠం అది. మనకు ఆ దారి 1949 అక్టోబరులో మూసుకుపోయింది, 1950 జనవరి నుంచి సుప్రీంకోర్టు వచ్చింది.

నైజాం సంస్థానంలో వ్యవహారం వేరు. అక్కడి అప్పీళ్ళు లండన్ వెళ్ళేవి కావు, హైదరాబాద్‌లోనే జ్యుడీషియల్ కమిటీ అని ఒకటి ఉండేది. తెలంగాణ సాయుధ పోరాటం కేసుల్లో ఉరిశిక్ష పడినవాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్తే, హైదరాబాద్ హైకోర్టు ఆ శిక్షలు ఖాయం చేసింది 1949 డిసెంబరులో కాబట్టి, అంటే 1950 జనవరి 26కు ముందు కాబట్టి, ఆ అప్పీలు వినే అధికారం తమకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. జనార్దన్ రెడ్డి కేసు అది. కొన్ని వారాల తేడా అంతే. ఆఖరి కోర్టు ఏది, ఏ తేదీ నుంచి అన్నది ప్రాణాల మీదకు వచ్చే ప్రశ్న కూడా అవుతుందని అందుకే అనుకోవాలి.

ఇలాంటి సందు హాంకాంగ్‌లో రాకూడదనే బ్రిటన్, చైనా చాలా ముందే కూర్చున్నాయి. 1984 ఒప్పందంలో, తర్వాత 1990 నాటి బేసిక్ లాలో ఒక మాట రాసుకున్నారు: తుది తీర్పు అధికారం హాంకాంగ్‌లోనే ఉంటుంది, కేసులు బీజింగ్ సుప్రీం కోర్టుకు వెళ్ళవు. బ్రిటిష్ పద్ధతి చట్టమే కొనసాగుతుంది కాబట్టి, అదే పద్ధతి ఉన్న వేరే దేశాల జడ్జీలను "అవసరాన్ని బట్టి" పిలుచుకోవచ్చని 82వ ఆర్టికల్‌లో చేర్చారు. అప్పట్లో ఊరి నిండా ఉన్న భయానికి అది మందు. బ్యాంకులు, షిప్పింగ్ కంపెనీలు, సొంత ఇల్లు కొనుక్కున్న మధ్యతరగతి, అందరిదీ ఒకటే టెన్షన్: రేపు మన కాంట్రాక్టు కాగితాన్ని చదివేది ఎవరు?

ఐదో కుర్చీ

82వ ఆర్టికల్‌లో ఉన్నది "జడ్జీలు", బహువచనం. 1991లో రెండు ప్రభుత్వాలూ రహస్యంగా మాట్లాడుకుని తేల్చింది మాత్రం ఒక్క కుర్చీ: నలుగురు స్థానికులు, ఐదో మనిషి స్థానికుడో విదేశీయుడో ఎవరో ఒకరు. హాంకాంగ్ లాయర్లు దీని మీద మండిపడ్డారు. చట్టం "జడ్జీలు" అంటుంటే మీరు ఒక్కరంటారేమిటని వాళ్ళ వాదన. ఆ డిసెంబరులో అక్కడి శాసనసభ అయిన లెజిస్లేటివ్ కౌన్సిల్ కూడా ఈ లెక్కను తోసిపుచ్చింది. అయినా 1995లో చట్టం పాసైనప్పుడు మిగిలింది ఆ ఒక్క కుర్చీయే. ఇప్పటికీ అంతే.

బెంచ్ మీద చీఫ్ జస్టిస్, ముగ్గురు పర్మనెంట్ జడ్జీలు, ఒక నాన్ పర్మనెంట్ జడ్జి ఉంటారు. ఈ ఐదో మనిషి కోసం ఒక జాబితా ఉంటుంది, అందులో రిటైరైన హాంకాంగ్ జడ్జీలు కొందరు, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల పై కోర్టుల్లో పనిచేసినవాళ్ళు కొందరు (2024 దాకా కెనడా జడ్జి కూడా ఉండేవారు). మూడేళ్ళ పదవి, మళ్ళీ పొడిగించవచ్చు, వయోపరిమితి లేదు. వీళ్ళు అక్కడ కాపురం ఉండరు. పిలిచినప్పుడు విమానం ఎక్కి వస్తారు, కొన్ని వారాలు కేసులు విని, తీర్పులో తమ భాగం రాసిచ్చి వెళ్ళిపోతారు. చీఫ్ జస్టిస్ మాత్రం చైనా పౌరుడే కావాలి, వేరే దేశంలో స్థిరనివాస హక్కు ఉండకూడదు. 1997 నుంచి ముగ్గురే ఆ పదవిలో కూర్చున్నారు: ఆండ్రూ లీ, జెఫ్రీ మా, 2021 జనవరి నుంచి ఆండ్రూ చియుంగ్.

నియామకం సంగతికొస్తే, తొమ్మిది మంది కమిషన్ పేరు సూచిస్తుంది. అందులో చీఫ్ జస్టిస్, ఇద్దరు జడ్జీలు, ఇద్దరు లాయర్లు, ప్రభుత్వ న్యాయ కార్యదర్శి, న్యాయరంగంతో సంబంధం లేని ముగ్గురు. హాంకాంగ్ ప్రభుత్వాధినేత అయిన చీఫ్ ఎగ్జిక్యూటివ్ నియమిస్తారు, లెజిస్లేటివ్ కౌన్సిల్ ఆమోదిస్తుంది, బీజింగ్‌కు సమాచారం వెళ్తుంది. మన కొలీజియంలో జడ్జీలే జడ్జీలను ఎంచుకుంటారు, అక్కడ బయటివాళ్ళకూ చోటుంది. కాగితం మీద చూస్తే మనకన్నా వాళ్ళదే విశాలమైన పద్ధతి. ఆ తొమ్మిది మందినీ, న్యాయ కార్యదర్శినీ ఎవరు ఎంపిక చేస్తారన్నది మాత్రం కాగితం మీద అంత పెద్దగా కనిపించదు.

ఇక అన్ని కేసులూ ఈ ఐదుగురి దాకా రావు. ముందు ముగ్గురు జడ్జీల కమిటీ అనుమతి ఇవ్వాలి, ప్రజలందరికీ సంబంధించిన పెద్ద న్యాయ ప్రశ్న ఉండాలి, క్రిమినల్ కేసైతే ఘోరమైన అన్యాయం జరిగిందనైనా చూపించాలి. ఒకప్పుడు సివిల్ వ్యాజ్యం విలువ 10 లక్షల హాంకాంగ్ డాలర్లు దాటితే అప్పీలు హక్కుగానే వచ్చేది. 2014 డిసెంబరులో అది తీసేశారు.

82కూ 158కీ మధ్య

అసలు కీలకం ఇక్కడుంది. బేసిక్ లా 82వ ఆర్టికల్ తుది తీర్పు ఈ కోర్టుదే అంటుంది. 158వ ఆర్టికల్ బేసిక్ లాకు అర్థం చెప్పే అధికారం స్టాండింగ్ కమిటీది అంటుంది. కోర్టులు కేసులు వినేటప్పుడు అర్థం చెప్పుకోవచ్చు, కానీ కేంద్రం బాధ్యతల్లో ఉన్న విషయమో, కేంద్రానికీ హాంకాంగ్‌కూ మధ్య సంబంధమో వస్తే, తుది తీర్పు ఇచ్చేముందు బీజింగ్‌ను అడగాలి. అలా వచ్చిన అర్థం ఆ తర్వాత కోర్టును కట్టేస్తుంది. అప్పటికే ఇచ్చేసిన తీర్పులు మాత్రం చెడవు.

మనకు ఇది వింతగా అనిపించడానికి కారణం ఉంది. మన దగ్గర పార్లమెంటుకు సుప్రీంకోర్టు తీర్పు నచ్చకపోతే చట్టం మార్చుకుంటుంది, మహా అయితే రాజ్యాంగ సవరణ చేస్తుంది. దాన్ని కూడా కోర్టు మళ్ళీ పరిశీలిస్తుంది. "ఆ వాక్యం అర్థం ఇదీ" అని పార్లమెంటు కోర్టుకు చెప్పడం ఉండదు. చైనా పద్ధతిలో చట్టం చేసినవాళ్ళే దాని అర్థం కూడా చెబుతారు, అక్కడ అది మామూలు సంగతి. రెండు వేర్వేరు పద్ధతులను ఒకే పుస్తకంలో కుట్టారు. కుట్టు ఎక్కడ వేశారో తెలియడానికి రెండేళ్ళు కూడా పట్టలేదు.

ఐదు నెలల తీర్పు

1997 జులై 1న, అంటే పాలన చేతులు మారిన ఆ రోజే, ఇద్దరు అక్కాచెల్లెళ్ళు చెక్‌పోస్టు దాటకుండా చైనా వైపు నుంచి హాంకాంగ్‌లోకి వచ్చారు. తండ్రి హాంకాంగ్ నివాసి. కొత్త బేసిక్ లా ప్రకారం అలాంటివాళ్ళ పిల్లలకు అక్కడ ఉండే హక్కు ఉందన్నది వాళ్ళ వాదన. ప్రభుత్వం జులైలోనే హడావుడిగా చట్టం సవరించి, ముందు చైనా నుంచి పర్మిట్ తెచ్చుకోవాలంది. ఎంగ్ కా లింగ్ కేసుగా ఇది పైకి వెళ్ళింది. 1999 జనవరి 29న ఐదుగురూ ఒకే మాటగా పిల్లల పక్షాన తీర్పు చెప్పారు. అక్కడితో ఆగలేదు, నేషనల్ పీపుల్స్ కాంగ్రెస్ చేసిన పనులు బేసిక్ లాకు విరుద్ధంగా ఉంటే వాటినీ పరిశీలించే అధికారం తమకుందని కూడా రాశారు.

బీజింగ్ అగ్గి మీద గుగ్గిలమైంది. నెల తిరక్కుండా, ఫిబ్రవరి 26న కోర్టు మళ్ళీ కూర్చుని, స్టాండింగ్ కమిటీ అధికారాన్ని మేం ప్రశ్నించలేదని వివరణ ఇచ్చింది. ఒక అత్యున్నత కోర్టు తన తీర్పు మీద తానే వివరణ ఇచ్చుకోవడం ఎంత అరుదో వేరే చెప్పక్కర్లేదు. ఇంతలో ప్రభుత్వం ఒక లెక్క తెచ్చింది: ఈ తీర్పులు అమలైతే పదేళ్ళలో 16 లక్షల 70 వేల మంది దాకా రావచ్చని. ఊరంతా గాభరా పడింది. లెక్క ఎంతవరకు నిజమని అడిగినవాళ్ళూ ఉన్నారు గానీ, అప్పటికే ఇళ్ళు, బళ్ళు, ఆస్పత్రుల భయం జనంలోకి వెళ్ళిపోయింది. చీఫ్ ఎగ్జిక్యూటివే బీజింగ్‌ను అర్థం చెప్పమని కోరారు. జూన్ 26న స్టాండింగ్ కమిటీ పర్మిట్ కావాల్సిందేనని చెప్పింది. కేసు గెలిచినవాళ్ళు ఉండిపోయారు, వెనక నిలబడ్డ వేలమందికి తలుపు పడింది. డిసెంబరులో ఇంకో కేసులో కోర్టు ఈ అర్థాన్ని తలవంచి ఒప్పుకుంది.

బీజింగ్ బేసిక్ లాకు ఇలా అర్థం చెప్పింది ఐదుసార్లు: 1999, 2004, 2005, 2011, 2016. ఈ ఐదిటిలో కోర్టు తానుగా అడిగింది ఒక్కసారే.

విదేశీ ఓటు ఎటు పడింది?

విదేశీ జడ్జి అంటే బీజింగ్‌కు ఎదురు నిలిచే మనిషి అన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. రికార్డు చూస్తే అంత సూటిగా లేదు. 2011 నాటి కాంగో కేసు తీసుకోండి. కాంగో ప్రభుత్వం బాకీ పడ్డ సొమ్ము మీద హక్కు కొనుక్కున్న ఎఫ్‌జీ హెమిస్ఫియర్ అనే ఫండ్, చైనా రైల్వే కంపెనీ గనుల కోసం కాంగోకు కట్టబోయే డబ్బును హాంకాంగ్‌లో జప్తు చేయమంది. ఒక దేశం మీద వేరే దేశం కోర్టులో దావా వేయొచ్చా? చైనా విధానం ప్రకారం కుదరదు. బ్రిటిష్ పద్ధతిలో వ్యాపార లావాదేవీ అయితే కుదురుతుంది. కోర్టు 3:2గా చీలింది. బీజింగ్‌ను అడగాల్సిందే, చైనా విధానమే ఇక్కడా వర్తిస్తుందన్న ముగ్గురిలో మూడో ఓటు ఆస్ట్రేలియా మాజీ చీఫ్ జస్టిస్ ఆంథొనీ మేసన్‌ది. అడగక్కర్లేదన్న ఇద్దరూ హాంకాంగ్ జడ్జీలే. ఇదే మేసన్ 1999 నాటి ఏకగ్రీవ తీర్పు బెంచ్ మీద కూడా ఉన్నారన్నది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకోవైపు 2023 సెప్టెంబరు 5 తీర్పు. ఒకే లింగానికి చెందిన జంటల బంధాన్ని గుర్తించడానికి ఏదో ఒక చట్టపరమైన ఏర్పాటు రెండేళ్ళలో చేయాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది కోర్టు. అదీ 3:2. ఈసారి చీఫ్ జస్టిస్ మైనారిటీలో పడ్డారు, మెజారిటీకి మూడో ఓటు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ప్యాట్రిక్ కీన్‌ది. కాబట్టి ఐదింట ఒక్క కుర్చీకి విలువ లేదనడం తప్పు. కాకపోతే అది ఏ వైపు వంగుతుందో పాస్‌పోర్టును బట్టి చెప్పలేం. రాజీనామాల వార్తల్లో తప్పిపోతున్న సంగతి ఇదే.

2020 తర్వాత మారింది ఏమిటి

2020 జూన్ 30న బీజింగ్ నేరుగా జాతీయ భద్రతా చట్టాన్ని హాంకాంగ్ మీద పెట్టింది. దీంతో కోర్టు చుట్టూ మూడు గోడలు లేచాయి. ఈ కేసులు వినగల జడ్జీల జాబితాను చీఫ్ ఎగ్జిక్యూటివ్ తయారు చేస్తారు. ఈ చట్టానికి అర్థం చెప్పే అధికారం స్టాండింగ్ కమిటీది. చీఫ్ ఎగ్జిక్యూటివ్ అధ్యక్షతన ఈ చట్టం కింద ఏర్పడ్డ భద్రతా కమిటీ నిర్ణయాలను కోర్టులు సమీక్షించడానికి లేదు. మీడియా యజమాని జిమ్మీ లాయ్ బెయిల్ కేసులో, 2021 ఫిబ్రవరి 9న, ఈ చట్టం బేసిక్ లాకు తగ్గట్టు ఉందా లేదా అని చూసే అధికారం తమకు లేదని కోర్టే స్పష్టంగా చెప్పేసింది. 1999లో రాసిన ఆ వాక్యం పక్కన దీన్ని పెట్టి చదివితే ఇరవై రెండేళ్ళ దూరం తెలుస్తుంది.

2022 నవంబరులో అదే లాయ్ తరఫున వాదించడానికి లండన్ బారిస్టర్ టిమ్ ఓవెన్ రావచ్చా అన్నది వచ్చింది. రావచ్చని కోర్టు నవంబరు 28న తేల్చింది. అదే రోజు చీఫ్ ఎగ్జిక్యూటివ్ జాన్ లీ బీజింగ్‌ను అడుగుతామన్నారు, డిసెంబరు 30న జవాబొచ్చింది: విదేశీ లాయర్ విషయంలో కోర్టు ముందు చీఫ్ ఎగ్జిక్యూటివ్ సర్టిఫికెట్ తీసుకోవాలి, తీసుకోకపోతే భద్రతా కమిటీ తేలుస్తుంది. 1999లో ఐదు నెలలు పట్టిన పని 32 రోజుల్లో అయిపోయింది.

జడ్జీలు వెళ్ళిపోవడం ఈ నేపథ్యంలో చూడాలి. 2020 సెప్టెంబరులో ఆస్ట్రేలియా జడ్జి జేమ్స్ స్పిగెల్మన్ భద్రతా చట్టాన్ని కారణంగా చూపి తప్పుకున్నారు. 2022 మార్చి 30న బ్రిటన్ సుప్రీంకోర్టు అధ్యక్షుడు లార్డ్ రీడ్, ఉపాధ్యక్షుడు లార్డ్ హాడ్జ్ కలిసి వదిలేశారు. వాళ్ళిద్దరూ స్వదేశంలో ఇంకా పదవిలో ఉన్నవాళ్ళు, కాబట్టి అది బ్రిటన్ ప్రభుత్వ నిర్ణయంలా కూడా కనిపించింది. 2024 జూన్‌లో లార్డ్ కాలిన్స్, లార్డ్ సంప్షన్ వెళ్ళారు. దానికి వారం ముందే, భద్రతా చట్టం కింద 47 మంది ప్రజాస్వామ్యవాదుల మీద పెట్టిన కేసులో కింది కోర్టు 14 మందిని దోషులుగా తేల్చింది. సంప్షన్ పత్రికల్లో హాంకాంగ్ నిరంకుశ రాజ్యంగా మారుతోందని రాస్తే, ప్రభుత్వం గట్టిగా ఖండించింది.

ఉండిపోయినవాళ్ళకూ తిప్పలు తప్పలేదు. 2024 ఆగస్టులో, 2019 నాటి ఒక ఊరేగింపు కేసులో జిమ్మీ లాయ్ తదితరుల శిక్షలను కోర్టు సమర్థించింది, ఆ బెంచ్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు లార్డ్ న్యూబర్గర్ ఉన్నారు. విమర్శలు ఎంత వచ్చాయంటే, పత్రికా స్వేచ్ఛ మీద అంతర్జాతీయంగా సలహాలిచ్చే న్యాయనిపుణుల ప్యానెల్ అధ్యక్ష పదవి ఆయన వదులుకున్నారు. హాంకాంగ్ కుర్చీ మాత్రం వదల్లేదు. బయటకొచ్చేవాళ్ళ వాదన, నా పేరు అడ్డుపెట్టుకుని ఆ పాలనకు మంచి సర్టిఫికెట్ ఇస్తున్నారని. ఉండేవాళ్ళ వాదన, మేం ఉన్నంతకాలం కనీసం మామూలు కేసుల్లోనైనా న్యాయం సరిగ్గా నడుస్తుందని. రెండిట్లోనూ నిజముంది, చిక్కేమిటంటే రెండూ వేర్వేరు కేసుల గురించి మాట్లాడుతున్నాయి.

కోర్టు ప్రభుత్వం చెప్పినదానికల్లా తలాడిస్తోందనడానికీ లేదు. 1989 తియానన్మెన్ కాల్పుల మృతుల కోసం జూన్ 4న జరిగే కొవ్వొత్తుల సంస్మరణ నడిపిన బారిస్టర్ చౌ హాంగ్ తుంగ్ విషయమే చూస్తే, 2024 జనవరిలో ఒక కేసులో కింది కోర్టు కొట్టేసిన శిక్షను మళ్ళీ నిలబెట్టింది ఈ కోర్టే, 2025 మార్చిలో వేరే కేసులో ఆమెకూ ఇంకో ఇద్దరికీ పడ్డ శిక్షను ఏకగ్రీవంగా రద్దు చేసిందీ ఈ కోర్టే. పోలీసులకు సమాచారం ఇవ్వలేదన్న ఆ కేసులో, ఆ సంస్మరణ నడిపిన సంస్థ నిజంగా విదేశీ ఏజెంటని ప్రాసిక్యూషన్ ముందు రుజువు చేయాలి, కీలకమైన పేర్లు నల్లగా కొట్టేసిన కాగితాలిచ్చి శిక్ష అడగడం కుదరదు అంది.

అక్కడి మనవాళ్ళకు, వ్యాపారాలకు

హాంకాంగ్‌లో బ్యాంకుల్లో, ఐటీలో పనిచేసే తెలుగువాళ్ళకు ఈ కోర్టు తగిలేది ఎక్కువగా ఒక్కచోటే: ఏడేళ్ళు మామూలుగా నివసిస్తే వచ్చే శాశ్వత నివాస హక్కు. ఆ "మామూలుగా నివసించడం" అంటే ఏమిటో 2013 మార్చిలో తేల్చిందీ ఈ కోర్టే. ఇంటి పనికోసం ప్రత్యేక వీసా మీద వచ్చిన విదేశీ ఆయాలు ఎన్నేళ్ళున్నా ఆ లెక్కలోకి రారంది. ఫిలిప్పీన్స్ మహిళ వేసిన కేసది. ఆఫీసు ఉద్యోగం మీద వచ్చిన వ్యక్తికి ఎనిమిదో ఏట కార్డు వస్తుంది, ఆ ఇంట్లోనే పదిహేనేళ్ళు వంట చేసిన మనిషికి రాదు. ఆ కేసులో కూడా బీజింగ్‌ను అడగమని ప్రభుత్వం కోరితే, మా అంతట మేమే తేల్చగలం, అడగాల్సిన పని లేదని కోర్టు తోసిపుచ్చింది.

వ్యాపార కేసుల్లో ఇప్పటికైతే పెద్ద మార్పు కనిపించదు. కంపెనీ, పన్ను, భూమి తగాదాలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. ఇబ్బంది కొత్త జడ్జీలను వెతకడంలో ఉంది. ఒకప్పుడు పది దాటి ఉన్న విదేశీ జడ్జీల సంఖ్య తగ్గుతూ సింగిల్ డిజిట్‌కు వచ్చింది, బ్రిటన్ నుంచి పదవిలో ఉన్నవాళ్ళు రావడం ఆగిపోయింది, కొత్తగా వస్తున్నది ఎక్కువగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రిటైర్డ్ జడ్జీలు. ఐదో కుర్చీ స్థానిక జడ్జితో నింపినా చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి కోర్టు ఆగదు. బీజింగ్ ఎవరినీ పొమ్మనాల్సిన అవసరమూ లేదు, మూడేళ్ళ గడువులు వాటంతటవే అయిపోతుంటాయి.

2023 తీర్పు ఏమైందో చూస్తే మిగతాది అర్థమవుతుంది. ప్రభుత్వం గడువు లోపు బిల్లు తెచ్చింది. 2025 సెప్టెంబరు 10న లెజిస్లేటివ్ కౌన్సిల్ దాన్ని 71-14తో ఓడించింది. ఈసారి బీజింగ్ అర్థం చెప్పాల్సిన పని కూడా పడలేదు. తీర్పు రద్దు కాలేదు, చట్టమూ రాలేదు. కోర్టు ఇచ్చిన రెండేళ్ళ గడువు మాత్రం ఆ అక్టోబరుతో దాటిపోయింది.